బోరుబావి వద్ద ఫీల్డ్‌బస్ నియంత్రిక: అమరికలో వ్యవసాయ శాస్త్రవేత్త పాత్ర

హైదరాబాదు–వరంగల్ జాతీయ రహదారిపై జనగామ దాటిన తరువాత వచ్చే రఘునాథపల్లి మండలం ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన మెట్ట ప్రాంతం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది జనగామ జిల్లాలో చేరింది. ఇక్కడ ఎర్ర చల్క నేలలు ఎక్కువ. అక్కడక్కడ, ముఖ్యంగా పల్లపు భాగాలలో, నల్లరేగడి కనిపిస్తుంది. నేల కింద ఉన్నది గట్టి రాతి పొర. అందులో నీరు నిలిచేది పైనున్న శిథిల పొరలోను, దాని దిగువనున్న పగుళ్ళలోను మాత్రమే. కనుక ఇక్కడి బోరుబావి తరగని ఊట కాదు. వానతోను, చెరువుతోను నిండి, తోడినకొద్దీ త్వరగా తరిగిపోయే చిన్న నిల్వ. గంగారం వద్ద గోదావరి నీటిని ఎత్తిపోసే దేవాదుల పథకం ఈ మెట్ట ప్రాంతపు చెరువులకు కొంత ఊరట కలిగించినప్పటికీ, వరి, పత్తి, మొక్కజొన్న పండించే రైతుకు ఆరుతడి వేళ ఆధారం ఎక్కువగా బోరే.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. అంతకుముందు విద్యుత్తు విడతలుగా, వేళ కాని వేళల్లో వచ్చేది. రాత్రిపూట బావి వద్దకు పోవలసిన శ్రమను, పాముకాటు భయాన్ని తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లను బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరగడం ఆనాటి అవసరం. కరెంటు ఎప్పుడూ ఉండే పరిస్థితి ఏర్పడినప్పుడు అదే పరికరం భూగర్భ జలాలకు ముప్పుగా మారింది. ఆటో స్టార్టర్లను తొలగించాలని అధికారులు ఊరూరా ప్రచారం చేయవలసి వచ్చింది. విద్యుత్తు ఉచితం కాబట్టి మోటారు అదనంగా తిరిగిన గంటలు ఏ బిల్లులోను కనిపించవు. ఆ లెక్క బోరులోని నీటిమట్టంలో మాత్రమే నమోదవుతుంది.

ఆటో స్టార్టర్ కూడా ఒక నియంత్రికే. కాని దానికి తెలిసిన విషయం ఒక్కటే: తీగలో కరెంటు ఉన్నదా, లేదా. నేల తడిగా ఉన్నదో, బోరులో నీరు మిగిలి ఉన్నదో, పైరుకు దాహం ఉన్నదో దానికి తెలియదు. కాకతీయుల కాలం నుంచి చెరువుల కింద సేద్యం సాగిన ఈ ప్రాంతంలో తూము తెరిచి మూసే నీరటి ఈ మూడింటినీ చూసి నిర్ణయం తీసుకునేవాడు. చెరువు మట్టం, మడి తడి, పంట దశ అతని కంటికి ఆనేవి. పారిశ్రామిక ప్రక్రియా నియంత్రికను ఫీల్డ్‌బస్ అనే సమాచార తీగపై అమర్చి బోరుబావిని, డ్రిప్పును నడపాలన్న ప్రయత్నం వెనుక ఉన్న ఉద్దేశం ఆ మూడు చూపులను తిరిగి మోటారుకు ఇవ్వడమే. అయితే ఆ చూపు సరైనదా కాదా అన్నది తీగలు కలిపే సాంకేతిక నిపుణుడు ఒక్కడే తేల్చగలిగినది కాదు. ఈ అమరికలో వ్యవసాయ శాస్త్రవేత్త చేయవలసిన పని ఏమిటో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

ప్రక్రియా నియంత్రిక – ఫీల్డ్‌బస్

ఒక రాశిని కొలిచి, ఉండవలసిన విలువతో పోల్చి, తేడాను బట్టి ఒక పరికరాన్ని కదిలించేది ప్రక్రియా నియంత్రిక. ఉండవలసిన విలువను సెట్‌పాయింట్ అంటారు. ధాన్యం ఆరబెట్టే యంత్రంలో ఉష్ణోగ్రత, పాలశీతలీకరణ కేంద్రంలో చల్లదనం, డ్రిప్పు పైపులో పీడనం అన్నీ ఈ సూత్రంతోనే అదుపులో ఉంటాయి.

పూర్వం ప్రతి సెన్సర్ నుంచి నియంత్రికకు ఒక ప్రత్యేక తీగల జత వేసేవారు. 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ప్రవాహం రూపంలో కొలత ప్రయాణించేది. సెన్సర్లు పెరిగినకొద్దీ తీగలు పెరిగి, ఖర్చు, చిక్కు రెండూ ఎక్కువయ్యాయి. ఒకే తీగల జతపై అనేక పరికరాలు వంతులవారీగా అంకెలలో మాట్లాడుకునే పద్ధతి ఇందుకు పరిష్కారంగా వచ్చింది. దానినే ఫీల్డ్‌బస్ అంటారు. ఈ పేరులోని ఫీల్డ్ అన్న మాటకు కర్మాగారంలో యంత్రాలు ఉండే స్థలమని అర్థం. సేద్యంలో అది అక్షరాలా పొలమే అయింది.

ఫీల్డ్‌బస్ పద్ధతులు అనేకం. ప్రొఫిబస్, ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ వంటివి పెద్ద కర్మాగారాలలో వాడుకలో ఉన్నాయి. ట్రాక్టరుకు, పనిముట్లకు మధ్య సమాచారం కోసం ఐ.ఎస్.ఓ. 11783 అనే ప్రమాణం ఉన్నది. చిన్న వ్యవస్థలకు అందుబాటులో ఉన్న సులభమైన పద్ధతి మోడ్‌బస్. దీనిని 1979లో మోడికాన్ సంస్థ తన నియంత్రికల కోసం ప్రకటించింది. బహిరంగ ప్రమాణం కావడం వల్ల నేడు నీటి మీటర్లు, మోటారు డ్రైవులు, నేల తేమ సెన్సర్లలో చాలావరకు దీనిని గుర్తిస్తున్నాయి. ఇది సాధారణంగా ఆర్.ఎస్.-485 అనే రెండు తీగల మార్గంపై నడుస్తుంది. తక్కువ వేగంలో ఈ మార్గం సుమారు 1200 మీటర్ల వరకు పనిచేస్తుంది. కనుక ఒక రైతు కమతానికి సరిపోతుంది.

మోడ్‌బస్‌లో ప్రధాన నియంత్రిక ఒక్కటే ప్రశ్న వేస్తుంది. మిగిలిన పరికరాలు అడిగినప్పుడు మాత్రమే జవాబిస్తాయి. ప్రతి పరికరానికి 1 నుంచి 247 లోపు ఒక చిరునామా ఉంటుంది. ప్రతి పరికరంలోను రిజిస్టర్లనే అంకెల గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడిలో 0 నుంచి 65,535 వరకు ఒక పూర్ణాంకం మాత్రమే ఇముడుతుంది. ఆ అంకె తేమ శాతమా, మీటర్లా, లీటర్లా అన్నది తీగపై ప్రయాణించదు. అర్థం చెప్పవలసిన బాధ్యత అమర్చేవారిది. తరువాత వచ్చే చిక్కులలో చాలావాటికి మూలం ఇదే.

ఒక కమతానికి అమరిక

రఘునాథపల్లి మండలపు పరిస్థితులకు తగినట్లు నాలుగు ఎకరాల పత్తి కమతాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. అందులో రెండెకరాలు ఎర్ర చల్క, రెండెకరాలు నల్లరేగడి. ఒకే బోరు, ఒకే మోటారు, రెండు వాల్వుల ద్వారా రెండు డ్రిప్పు భాగాలు. దీనికి చిరునామాల పట్టిక ఈ విధంగా ఉంటుంది.

చిరునామా 1: మోటారు వేగాన్ని మార్చే వి.ఎఫ్.డి. డ్రైవ్
చిరునామా 2: బోరులో నీటిమట్టం కొలిచే సెన్సర్
చిరునామా 3: నీటి మీటర్
చిరునామా 4: చల్క భాగంలో నేల తేమ సెన్సర్
చిరునామా 5: రేగడి భాగంలో నేల తేమ సెన్సర్
చిరునామా 6: రెండు వాల్వులను తెరిచి మూసే పెట్టె

పైపులోని పీడనాన్ని కొలిచే సెన్సర్‌ను మాత్రం బస్‌పై పెట్టకుండా 4–20 మిల్లీ ఆంపియర్ల తీగతో నేరుగా డ్రైవ్‌కు కలపడం మంచిది. పీడనం క్షణాలలో మారుతుంది; ఆ నియంత్రణ డ్రైవ్ లోపలే పూర్తికావాలి. బస్ ద్వారా పీడనపు సెట్‌పాయింట్ మాత్రమే వెళ్ళాలి. వేగంగా మారేదానిని పరికరం వద్దనే ఉంచి, నెమ్మదిగా మారేదానిని బస్‌కు అప్పగించడం ఏ ఫీల్డ్‌బస్ అమరికకైనా వర్తించే సూత్రం. నేల తేమ గంటల వ్యవధిలో మారుతుంది కనుక బస్ వేగం దానికి ఎంత మాత్రం అడ్డు కాదు. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక ప్రశ్న, ఒక జవాబు తీగపై ప్రయాణించడానికి పట్టే కాలం సెకనులో యాభయ్యో వంతు లోపే.

తీగ వేయడంలో జాగ్రత్తలు

తీగ ఒక పరికరం నుంచి మరొక పరికరానికి గొలుసుగా సాగాలి. ఒక కేంద్రం నుంచి నలువైపులకు కొమ్మలుగా చీలరాదు. గొలుసు రెండు కొసల వద్ద 120 ఓముల నిరోధకం చొప్పున బిగించాలి. లేనిచో సంకేతం కొసను తాకి వెనుకకు మళ్ళి, తరువాతి సంకేతాన్ని చెడగొడుతుంది. దీనిని పరీక్షించడం సులభం. అన్ని పరికరాలకు కరెంటు ఆపి, రెండు తీగల మధ్య మీటరుతో కొలిస్తే సుమారు 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక కొసన నిరోధకం లేదని, 40 చూపితే ఎక్కడో మూడవది ఉన్నదని గ్రహించవచ్చు.

వి.ఎఫ్.డి. డ్రైవ్ నుంచి మోటారుకు పోయే తీగ చుట్టూ విద్యుత్ అలజడి తీవ్రంగా ఉంటుంది. బస్ తీగను దాని పక్కనే ఒకే పైపులో లాగరాదు. కనీసం ఒక అడుగు ఎడం ఉండాలి. తీగపై ఉండే లోహపు అల్లికను ఒక కొసన మాత్రమే భూమికి కలపాలి. పొలంలో నాగలి, రోటవేటరు లోతుకు దిగువన పైపులో పెట్టి పూడ్చాలి. తొలకరి పిడుగులు ఈ ప్రాంతంలో పరిచితమే కాబట్టి రెండు కొసలా పిడుగు రక్షకాలు ఉండాలి.

ఆ తరువాత అన్ని పరికరాలలోను వేగం, ప్యారిటీ ఒకే విధంగా ఉన్నవో లేదో చూడాలి. మోడ్‌బస్ ప్రమాణం సరి ప్యారిటీని సూచిస్తుంది. చాలా పరికరాలు మాత్రం ప్యారిటీ లేకుండా వస్తాయి. కొత్త పరికరాలన్నీ సాధారణంగా చిరునామా 1తోనే పెట్టె నుంచి బయటకు వస్తాయి. అన్నిటినీ ఒకేసారి కలిపితే అన్నీ కలిసి జవాబిచ్చి ఏదీ అర్థం కాదు. కనుక ఒక్కొక్కదానిని విడిగా కలిపి, చిరునామా మార్చి, దానిపై చీటీ అతికించిన తరువాతనే గొలుసులో చేర్చాలి.

అంకె సరే, అర్థం ఏది?

తీగ సరిగా పనిచేస్తే అంకెలు వస్తాయి. అవి తప్పుడు అంకెలైనా అదే నిశ్చయంతో వస్తాయి. చెడిపోయిన సందేశాన్ని పట్టుకోవడానికి ప్రతి సందేశం చివర ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. తప్పుగా అర్థం చేసుకున్న సందేశాన్ని అది పట్టుకోలేదు. ఇటువంటి పొరపాట్లు మూడు విధాలు.

మొదటిది గడి తప్పడం. కొన్ని పుస్తకాలలో మొదటి రిజిస్టర్‌ను 40001 అని రాస్తారు. తీగపై దాని సంఖ్య 0. మరికొన్ని తయారీదారులు 1 నుంచి లెక్కిస్తారు. ఒక్క గడి జరిగితే నేల తేమకు బదులు పక్కనున్న నేల ఉష్ణోగ్రత వస్తుంది. తేమ 14 శాతం ఉన్న చల్కలో నియంత్రికకు 27 అనే అంకె అందుతుంది. అది 27 డిగ్రీల ఉష్ణోగ్రత అని నియంత్రికకు తెలియదు. నేల తడిగా ఉన్నదని భావించి మోటారును ఆపి ఉంచుతుంది. రెండు అంకెలూ నమ్మదగినవిగానే కనిపించడం వల్ల పైరు వాడే వరకు ఈ తప్పు బయటపడదు.

రెండవది దశాంశం తప్పడం. రిజిస్టర్‌లో పూర్ణాంకమే ఇముడుతుంది కనుక 50.00 హెర్ట్జ్‌ను అనేక డ్రైవులు 5000గా నిల్వ చేస్తాయి. నియంత్రిక 50 అని రాస్తే డ్రైవ్ దానిని అర హెర్ట్జ్‌గా గ్రహిస్తుంది. మోటారు కదలదు.

మూడవది గడుల వరుస తప్పడం. నీటి మీటర్‌లోని మొత్తం 65,535ను దాటుతుంది కాబట్టి అది రెండు గడులలో నిల్వ ఉంటుంది. 70,000 లీటర్లను పై గడిలో 1గా, కింది గడిలో 4464గా రాస్తారు. వరుసను తారుమారు చేసి చదివితే 29,25,52,705 లీటర్లు వస్తుంది. ఈ తప్పు వెంటనే తెలుస్తుంది. కాని మొత్తం 65,535 దాటనంత కాలం పై గడి 0గానే ఉంటుంది కనుక, కింది గడి ఒక్కదానినే చదివే అమరిక మొదటి కొన్ని రోజులు సరిగానే ఉన్నట్లు కనిపించి, ఆ తరువాత లెక్కను మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది.

ఈ మూడింటికీ నివారణ ఒక్కటే: ప్రతి అంకెను పొలంలో మరొక పద్ధతితో కొలిచి పోల్చడం. నీటి మీటర్ అంకెను 200 లీటర్ల డ్రమ్ము నింపి సరిచూడాలి. బోరు నీటిమట్టాన్ని తాడుకు బరువు కట్టి దింపి కొలవాలి. నేల తేమకు మట్టి నమూనా తీసి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచాలి. బరువు ప్రకారం వచ్చిన తేమ శాతాన్ని నేల స్థూల సాంద్రతతో గుణిస్తేనే సెన్సర్ చూపే పరిమాణ శాతంతో పోల్చడానికి వీలవుతుంది. విద్యార్థులు తరచుగా మరచిపోయే మెట్టు ఇది.

సెట్‌పాయింట్ నేలలో ఉన్నది

అంకెలన్నీ సరిచూసిన తరువాత అసలు ప్రశ్న ఎదురవుతుంది. మోటారును ఏ తేమ శాతం వద్ద ప్రారంభించాలి? ఏ శాతం వద్ద ఆపాలి? ఈ రెండు అంకెలు ఏ పరికరం పుస్తకంలోను దొరకవు.

ఉదాహరణ కమతంలో చల్క నేలకు క్షేత్ర జలధారణ సామర్థ్యం పరిమాణం ప్రకారం 20 శాతం, శాశ్వత వాడు స్థానం 8 శాతం అని భావించవచ్చు. మొక్కకు లభ్యమయ్యే తేమ 12 శాతం. వేళ్ళు 45 సెంటీమీటర్ల లోతులో ఉంటే ఇది 54 మి.మీ. నీటికి సమానం. డ్రిప్పు పద్ధతిలో నేలను ఎక్కువగా ఎండనీయకుండా లభ్య తేమలో నాలుగవ వంతు తరిగినప్పుడే తడి ఇవ్వదలిస్తే, మోటారు 17 శాతం వద్ద ప్రారంభం కావాలి. అంటే 13.5 మి.మీ. నీరు తరిగిన సమయం.

రేగడిలో క్షేత్ర జలధారణ సామర్థ్యం 40 శాతం, వాడు స్థానం 22 శాతం అనుకుంటే లభ్య తేమ 18 శాతం, అదే లోతులో 81 మి.మీ. నాలుగవ వంతు తరిగినప్పుడు సెన్సర్ 35.5 శాతం చూపుతుంది. అదే ఇక్కడి ప్రారంభ స్థానం.

ఇప్పుడు అమర్చినవారు ఒకే అంకెను రెండు భాగాలకూ ఇచ్చారనుకుంటే ఏమి జరుగుతుందో పరిశీలించవచ్చు. చల్కకు తగిన 17 శాతాన్ని రేగడికి ఇస్తే, అది రేగడి వాడు స్థానమైన 22 శాతం కంటే తక్కువ. పైరు చనిపోయిన తరువాత కూడా మోటారు ప్రారంభం కాదు. రేగడికి తగిన 35.5 శాతాన్ని చల్కకు ఇస్తే, చల్క నిలుపుకొనగలిగిన 20 శాతం కంటే అది చాలా ఎక్కువ. పోసిన నీరు వేళ్ళ కిందికి జారిపోతూనే ఉంటుంది, సెన్సర్ ఎన్నటికీ ఆ అంకెను చేరి నిలవదు, మోటారు ఆగదు. తీగ సరైనదే, చిరునామా సరైనదే, దశాంశం సరైనదే. అయినప్పటికీ ఒక భాగంలో పైరు ఎండుతుంది, మరొక భాగంలో బోరు ఎండుతుంది. ఆటో స్టార్టర్ చేసిన హానిని ఖరీదైన నియంత్రిక చేత మళ్ళీ చేయించినట్లవుతుంది.

ఆపే స్థానం విషయంలోను ఒక మెలకువ అవసరం. తడి సెన్సర్ లోతుకు చేరడానికి సమయం పడుతుంది కనుక చల్కలో సరిగ్గా 20 శాతం వద్ద కాక, దానికి కొద్దిగా దిగువన 19.5 వద్ద ఆపాలి. ప్రారంభ, ఆపు స్థానాల మధ్య ఈ ఎడం లేకపోతే మోటారు పదేపదే ఆగి తిరుగుతూ కాలిపోతుంది. సెన్సర్‌ను డ్రిప్పరుకు జానెడు దూరంలో, వేళ్ళు ఎక్కువగా ఉండే లోతులో, మట్టికి ఖాళీ లేకుండా బిగించి పెట్టాలి. డ్రిప్పరు కిందనే పెడితే అది ఎప్పుడూ తడినే చూస్తుంది.

సెన్సర్‌ను ఒక్కదానినే నమ్మడం క్షేమకరం కాదు. అందుకని రోజువారీ నీటి పరిమితిని కూడా నియంత్రికలో రాయాలి. పూత, కాయ దశలో పత్తికి పంట గుణకం సుమారు 1.15. ఆధార బాష్పోత్సేకం రోజుకు 5 మి.మీ. ఉంటే పంట అవసరం 5.75 మి.మీ. ఎకరం విస్తీర్ణం 4047 చదరపు మీటర్లు కాబట్టి ఇది ఎకరానికి సుమారు 23,300 లీటర్లు. డ్రిప్పు సామర్థ్యం 90 శాతం అనుకుంటే దాదాపు 26,000 లీటర్లు. నీటి మీటర్ ఈ అంకెను చూపిన వెంటనే సెన్సర్ ఏమి చెప్పినా ఆ రోజుకు ఆ ఎకరానికి నీరు ఆగిపోవాలి. నేల చెప్పే లెక్క, వాతావరణం చెప్పే లెక్క ఒకదానినొకటి కాపాడుకోవాలి.

పీడనం, వేగం, బోరు మట్టం

డ్రిప్పు పైపులో పీడనాన్ని నిలకడగా ఉంచే పని డ్రైవ్‌లోని పి.ఐ.డి. నియంత్రణది. తేడాకు అనులోమంగా, తేడా కొనసాగిన కాలాన్ని బట్టి, తేడా మారే వేగాన్ని బట్టి స్పందించే మూడు భాగాలు ఇందులో ఉంటాయి. 1942లో జీగ్లర్, నికొల్స్ ఈ గుణకాలను నిర్ణయించే పద్ధతిని ప్రతిపాదించారు. నీటి పీడనానికి మొదటి రెండు భాగాలు చాలు. మూడవది పైపులోని చిన్న కుదుపులను పెద్దవి చేస్తుంది కనుక సున్నాగా ఉంచడం వాడుక.

మోటారు వేగం తగ్గిస్తే నీటి ప్రవాహం అదే నిష్పత్తిలో, పీడన ఎత్తు వేగపు వర్గానికి, శక్తి వేగపు ఘనానికి అనులోమంగా తగ్గుతాయన్న నియమం విద్యార్థులకు తెలిసినదే. 80 శాతం వేగంలో శక్తి సగానికి తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి. లోతు బోరులో ఇది అలాగే వర్తించదు. నీటిని పైకి ఎత్తడానికే పీడన ఎత్తులో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. వేగం కొంత తగ్గగానే నీరు పైకి రావడమే ఆగిపోతుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ప్రతి బోరుకు నీరు పైకి వచ్చే కనిష్ఠ వేగాన్ని పరీక్షించి, దానిని డ్రైవ్‌లో దిగువ హద్దుగా రాయాలి. సబ్‌మెర్సిబుల్ మోటార్లను సాధారణంగా 30 హెర్ట్జ్ కంటే తక్కువలో నడపరాదు.

పి.ఐ.డి.కి మరొక బలహీనత ఉన్నది. బోరులో నీరు అయిపోతే పీడనం పడిపోతుంది. పీడనం తగ్గిందని నియంత్రణ వేగాన్ని పెంచుతుంది. లేని నీటి కోసం మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది. అందుకే బోరు మట్టానికి పీడనంపై పైచేయి ఇవ్వాలి. ఉదాహరణకు, మోటారుపై 5 మీటర్ల నీరు మిగలగానే ఆపి, మళ్ళీ 15 మీటర్లకు ఊరిన తరువాత మాత్రమే ప్రారంభించాలి. మట్టం తిరిగి పెరగడానికి పట్టిన కాలాన్ని నియంత్రిక రోజూ నమోదు చేస్తే, ఫిబ్రవరి నుంచి మే వరకు ఆ బోరు ఊట ఎలా తగ్గుతున్నదో తెలుస్తుంది. యాసంగిలో ఎంత విస్తీర్ణం వేయవచ్చో రైతుతో మాట్లాడడానికి విస్తరణ శాస్త్రవేత్తకు అంతకు మించిన ఆధారం ఉండదు.

తీగ తెగినప్పుడు ఏమి కావాలి?

పొలంలో తీగ తెగుతుంది. ఎలుక కొరుకుతుంది, అడవిపంది తవ్వుతుంది, పిడుగు పడుతుంది. తెగిన తరువాత ఏమి జరగాలన్నది ముందుగా నిర్ణయించకపోతే యంత్రం తనకు తోచినట్లు చేస్తుంది.

4–20 మిల్లీ ఆంపియర్ల పద్ధతిలో తెగిన తీగను గుర్తించడం సులభం. సున్నా కొలతకు కూడా 4 మిల్లీ ఆంపియర్లు ఉంటాయి కనుక ప్రవాహం పూర్తిగా లేకపోవడమంటే తీగ తెగడమే. బస్‌పై ఈ సౌకర్యం దానంతట అది రాదు. సెన్సర్ జవాబివ్వకపోతే అనేక నియంత్రికలు చివరిసారి వచ్చిన అంకెనే చూపుతూ ఉంటాయి. ఆ అంకె 16 శాతమైతే నేల పొడిగా ఉన్నదని నమ్మి రాత్రంతా నీరు పారిస్తుంది. కాబట్టి మూడుసార్లు వరుసగా జవాబు రాకపోతే ఆ అంకెను చెల్లనిదిగా పరిగణించి ఆ భాగానికి నీరు ఆపే నియమాన్ని రాయాలి. అదే విధంగా ప్రధాన నియంత్రిక నుంచి నిర్ణీత కాలంలో మాట వినిపించకపోతే మోటారును ఆపేటట్లు డ్రైవ్‌లోని కాలపరిమితిని అమర్చాలి. కొన్ని డ్రైవులలో ఈ సదుపాయం ఆఫ్ చేసి వస్తుంది. అప్పుడు తీగ తెగినా మోటారు చివరి వేగంతో తిరుగుతూనే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పటి ప్రవర్తన మరింత ముఖ్యం. ఒక ఫీడరు కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతాయి. ఆటో స్టార్టర్లపై ఉన్న ఫిర్యాదులలో ఇది ప్రధానమైనది. నియంత్రిక కరెంటు రాగానే మోటారును లేపరాదు. కొన్ని నిమిషాలు ఆగి, బోరు మట్టాన్ని, నేల తేమను తాజాగా చదివి, అవసరం ఉంటేనే ముందు వాల్వు తెరిచి, ఆ తరువాత మోటారు ప్రారంభించాలి. ఆపేటప్పుడు ముందు మోటారు, తరువాత వాల్వు. ఆగే నిమిషాలు ఒక్కొక్క బోరుకు ఒక్కొక్క విధంగా ఉండాలి.

అప్పగించే రోజున ఈ నియమాలను కాగితంపై చదవడంతో సరిపెట్టరాదు. రైతు సమక్షంలో నాలుగు పరీక్షలు చేయాలి: తేమ సెన్సర్ తీగను ఊడదీయడం, బస్ తీగను మధ్యలో విడదీయడం, ప్రధాన నియంత్రికకు కరెంటు ఆపడం, మొత్తం సరఫరాను ఆపి తిరిగి ఇవ్వడం. నాలుగింటిలోను మోటారు ఆగాలి. చివరిదానిలో ఆలస్యంగా, అవసరాన్ని బట్టి మాత్రమే లేవాలి. ఏ ఒక్కటి తప్పినా అప్పగింత పూర్తికానట్లే. చేత్తో నడిపే మీట తప్పనిసరిగా ఉండాలి. దానిని వాడినప్పుడు కూడా బోరు మట్టపు రక్షణ పనిచేయాలి.

విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత

ప్యానెల్ పెట్టె తలుపు లోపలి వైపు ఒక తెలుగు పత్రం అతికించాలి. చిరునామాల పట్టిక, ప్రతి రిజిస్టర్ సంఖ్య, దశాంశ స్థానం, నేల భాగాలవారీ ప్రారంభ, ఆపు స్థానాలు, రోజువారీ నీటి పరిమితి, బోరు మట్టపు హద్దులు, వాటిని మార్చిన తేదీ అందులో ఉండాలి. పరికరాన్ని అమర్చినవారు మరుసటి ఏడాది అందుబాటులో లేకపోవచ్చు. పత్రం ఉంటే మరొకరు వచ్చి సరిచేయగలరు.

సెట్‌పాయింట్లు ఒకసారి రాసి మరచిపోదగినవి కావు. పత్తి మొలక దశలో వేళ్ళు పైపైన ఉంటాయి. అప్పటి సెన్సర్ లోతు కాయ దశకు పనికిరాదు. పంట గుణకం దశను బట్టి మారుతుంది, దానితో రోజువారీ పరిమితి మారాలి. పత్తి తీసి మొక్కజొన్న వేస్తే లెక్క మొత్తం తిరిగి చేయాలి. పైరు దశ మారినప్పుడల్లా చేసే పొలం సందర్శనలో ఈ అంకెల సవరణ కూడా ఒక భాగం కావాలి. సాంకేతిక నిపుణుడు, వ్యవసాయ శాస్త్రవేత్త, రైతు ముగ్గురూ ప్యానెల్ ముందు కలిసి నిలబడవలసిన సందర్భం అది. తీగ గురించి మొదటివారికి, వేరు గురించి రెండవవారికి, ఆ బోరు, ఆ నేల స్వభావం గురించి మూడవవారికి తెలుసు.

నీరటి తూము తెరిచే ముందు మడిలో దిగి మట్టిని చేత్తో పిసికి చూసేవాడు. నియంత్రికకు చేయి లేదు. దాని తరఫున మట్టిని పట్టి చూసి, సరైన అంకెను రాయవలసినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. రఘునాథపల్లి వంటి గట్టి రాతి మెట్టలో ఆ అంకె సరిగా ఉంటే బోరులో కొంత నీరు వేసవికి మిగులుతుంది.